టీచర్ ఆంటీ ముఖం

కీర్తిక చేసిన మొదటి ముసలమ్మ ముఖాన్ని చూసి భువన పగలబడి నవ్వింది.

"ఇదేంటే, చిన్నపిల్లల్ని భయపెట్టడానికా?" అంది.

నవ్విందంటే నవ్వదూ మరి. పాలిటెక్నిక్ వర్క్‌షాపులో బల్ల మీద నిలబెట్టిన ఆ మట్టి తలకి నుదుటి మీద నాగలితో దున్నినట్టు గీతలు, బుగ్గల్లో గుంటలు, గడ్డం కింద సంచిలా వేలాడే చర్మం. ఇంటర్నెట్‌లో దొరికిన ముసలివాళ్ళ ఫొటోలన్నీ ఒకచోట కలిపి రుబ్బినట్టుంది. వయసు కనబడుతోంది గానీ మనిషి కనబడడం లేదు.

కీర్తికకి కోపం రాలేదు. అసలు ఈ పని మొదలైందే భువన మాట మీద. ఇద్దరూ సింగపూర్‌లోని బూన్ లేలో ఒకే బ్లాకులో పెరిగారు. కీర్తిక డిజైన్ డిప్లొమా ఆఖరి సంవత్సరంలో ఉంది, భువన నర్సింగ్ చదువుతోంది. ఆ ఏడే భువనను మొదటిసారి ఆసుపత్రి వార్డుకి పంపించారు. మాట సరిగ్గా రాని ఒక పెద్దాయన మంచం పక్కన నిలబడి, ఏం మాట్లాడాలో తోచక, పక్కనే ఉన్న ఆయన కూతురితో రెండు ముక్కలు మాట్లాడి వచ్చేసింది. ఆ సాయంత్రం బ్లాకు కింద సిమెంటు బల్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ, అక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ చెప్పింది.

"క్లాసులో మేం నేర్చుకునేది ప్లాస్టిక్ బొమ్మ మీద కీర్తీ. దాంతో ఎవరు సీరియస్‌గా మాట్లాడతారు? దాని పక్కన నిలబడి జోకులేసుకుంటాం లా."

ఆ మాట కీర్తిక మనసులో నాటుకుపోయింది. ఒక మనిషి తలకి తొడుక్కుంటే, ఎదుటివాళ్ళకి నిజంగా జబ్బుపడిన పెద్దామె కూర్చున్నట్టే ఉండే సిలికాన్ ముఖం. అదే తన ప్రాజెక్టు అని ప్రకటించేసింది.

ప్రాజెక్టు గైడు యాకూబ్ సార్ టీవీ సీరియళ్ళకి ఏళ్ళ తరబడి మేకప్ చేసి, తర్వాత పాఠాలు చెప్పడానికి వచ్చినవాడు. ఆయన మొదట్లోనే అన్నాడు, "ఒక చెవి చెయ్యి. కాదంటే ఒక అరచెయ్యి చెయ్యి. శుభ్రంగా వస్తుంది, మార్కులూ వస్తాయి. తల మొత్తం స్టూడెంటు ఒక్కరివల్ల అయ్యే పని కాదు." కీర్తిక తల ఊపి వచ్చి, తల మొత్తం మొదలుపెట్టింది.

ఇప్పుడాయన ఆ మట్టి ముసలమ్మ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"ముడతలు ఊహించుకుని పెడితే ఇలాగే ఉంటుంది. మనిషి జీవితమంతా ఎటు నవ్విందో, ఎటు పక్కకి పడుకుందో, దేనికి నొసలు చిట్లించిందో దాన్నిబట్టి వస్తాయి అవి. నిజం మనిషిని వెతుక్కో" అన్నాడు.

కీర్తికకి వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఆ మాట వింటుండగానే తారాదేవి గుర్తొచ్చింది.

సింగపూర్‌లో పెద్దవాళ్ళందరూ ఆంటీలే. కానీ తెలుగు పిల్లలకి టీచర్ ఆంటీ అంటే తారాదేవి ఒక్కతే. ఏళ్ళ తరబడి ఆదివారం పొద్దున యీషున్‌లోని తన ఫ్లాట్ హాల్లో చాపలు పరిచి పిల్లలకి తెలుగు నేర్పింది. 'ళ' పలకని నాలుకల్ని పట్టుబట్టి తిప్పించింది. కీర్తిక నాలుక కూడా అలా తిరిగిందే. నిరుడు ఆవిడకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ చాలావరకు కోలుకున్నాయి గానీ మూతి ఎడమవైపు జారి అలాగే ఉండిపోయింది. మాట కాస్త ముద్దగా, ఆగి ఆగి వస్తుంది. అప్పటినుంచి క్లాసులు లేవు, ఎవరింటికీ రాకపోకలు లేవు, వీడియో కాల్ వస్తే ఫోను బోర్లా పెట్టేస్తుందని అందరూ చెప్పుకునేవారు.

ఆ శనివారమే కీర్తిక జురాంగ్ ఈస్ట్‌లో ట్రెయిను మారి యీషున్ వెళ్ళింది. తలుపు తీసింది ఆవిడ కొడుకు అనిరుధ్. సైన్స్ పార్క్‌లో ఉద్యోగం, తల్లికి జబ్బు చేసినప్పటినుంచి సగం రోజులు ఇంట్లోంచే పని చేస్తున్నాడు. తారాదేవి సోఫాలో కిటికీ వైపు తిరిగి, కుడి చెంప మాత్రమే కనబడేలా కూర్చుని ఉంది.

"ఏంటమ్మాయ్, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?"

"మీరు ఎవర్నీ రావద్దన్నారని అమ్మ చెప్పింది ఆంటీ. అందుకే."

"ఊరికే రాలేదుగా ఇప్పుడు. ఏదో అడగడానికొచ్చావు. అడుగు."

కీర్తిక సంగతంతా చెప్పింది. ముఖానికి అచ్చు ఎలా తీస్తారో, దాన్ని చూసి మట్టితో ఎలా మలుస్తారో, సిలికాన్ ఎలా పోస్తారో, చివరికి అది ఎవరికి ఉపయోగపడుతుందో. ముందు నోరు తెరిచింది అనిరుధ్.

"నో కీర్తికా. మా అమ్మ ముఖం ఎగ్జిబిషన్‌లో పెడతావా? ఇంకెవరినైనా చూసుకో."

"నువ్వాగరా" అంది తారాదేవి. గోడ మీద ఫొటో వైపు వేలు చూపించింది. అరవయ్యో పుట్టినరోజున తీసింది, నిండుగా నవ్వుతున్న ఫొటో. "అచ్చు తీసుకో. కానీ ముఖం మాత్రం అదిగో, అలా చెయ్యి. మూతి చక్కగా ఉండాలి."

సరేనంటే చాలు, అచ్చు చేతికొస్తుంది. వర్క్‌షాపులో ఆ తర్వాత తను ఏ మూతి పెట్టిందో చూడడానికి ఈవిడ అంత దూరం రాదు. ఆ ఆలోచన కీర్తికకి వచ్చినమాట నిజం. వచ్చినందుకే భయమేసి గబుక్కున చెప్పేసింది.

"అలా చెయ్యలేను ఆంటీ. నాకు కావాల్సింది ఇప్పటి ముఖం."

"అంటే, నా వంకర మూతి కావాలన్నమాట."

"అవునాంటీ."

తారాదేవి ముఖం తిప్పలేదు. "సరేలే, వెళ్ళిరా" అంది.

లిఫ్టు దాకా వచ్చిన అనిరుధ్, "కాస్త మెల్లగా చెప్పుండాల్సింది" అన్నాడు. అతని గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది.

"మెల్లగా చెప్తే అబద్ధం చెప్పాల్సొచ్చేది అంకుల్" అని కీర్తిక లిఫ్టెక్కింది.

అంతటితో ఆమె చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఎవరి ముఖం దొరికినా దొరక్కపోయినా, తొడుక్కునే మనిషి తలకి సరిపోయే లోపలి దిమ్మ ఒకటి కావాలి. భువనను కుర్చీలో కూర్చోబెట్టి ఆమె తలకి అచ్చు తీసింది. మొదటిసారి అచ్చు కోసం నీళ్ళలో కలిపిన పొడి గడ్డలు కట్టింది. రెండోసారి భువన తుమ్మింది. మూడోసారి కుదిరింది. భువన చెవుల్లోంచి వారం రోజులు ప్లాస్టర్ రాలుతూనే ఉంది. "ఫ్రెండ్‌షిప్ అంటే ఇదే లా" అని గొణుక్కుంది గానీ పారిపోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఉండగా ఫోను మోగింది. తారాదేవి.

"మొన్న చెకప్‌కి వెళ్ళాం" అని మొదలుపెట్టింది. ఒక్కో మాటా సర్దుకుని పలుకుతోంది. "కొత్త నర్సు పిల్ల. నీ ఈడుదే. నన్నొకసారి చూసి, మా అనిరుధ్ వైపు తిరిగింది. ఆంటీ అన్నం తింటుందా, ఆంటీకి నిద్ర పడుతుందా, అన్నీ వాణ్ణే అడిగింది. మధ్యలో నేను కుర్చీలో ఇంకో కుర్చీలా కూర్చున్నా."

"మీరేమన్నారు ఆంటీ?"

"మూతి వంకరపోయింది గానీ బుర్ర వంకరపోలేదమ్మా అందామనుకున్నా. ఇంగ్లీషులో కూడబలుక్కునేసరికి ఆ పిల్ల లేచి వెళ్ళిపోయింది. నీ మాస్కు ముందు కూర్చోబెడితే వీళ్ళు దాంతో మాట్లాడతారంటావా?"

"మాట్లాడించడానికే చేస్తున్నా ఆంటీ."

"అయితే ఉన్నదున్నట్టు చెయ్యి. ఒక్క గీత అటూ ఇటూ అయినా ఊరుకోను."

ఫిజియోథెరపీ చేసే ఆమెను అడిగి, ముక్కు రంధ్రాలు తెరిచి ఉంచితే ఫరవాలేదనిపించుకున్నాకే అనిరుధ్ తల్లిని వర్క్‌షాపుకి తీసుకొచ్చాడు. వెనక్కి వాలే కుర్చీలో ఆవిడని పడుకోబెట్టి, జుట్టుకి పల్చటి టోపీ తొడిగి, పళ్ళ డాక్టర్లు అచ్చు తీయడానికి వాడే పొడిని పెరుగులా కలిపి ముఖమంతా పూశారు. యాకూబ్ సార్ ముక్కు దగ్గర కాపలా కాశాడు. ఏదైనా ఇబ్బందయితే కుడిచెయ్యి ఎత్తాలని ఒప్పందం. ఎడమచెయ్యి అనిరుధ్ పట్టుకున్నాడు.

జారిన మూతి మూల నుంచి లాలాజలం కారి పూత కింద చిన్న బుడగ లేచింది. ఆ మూలే పోతే ఈ పనంతా దేనికి? కీర్తిక దూదితో అద్ది, మళ్ళీ పూసి, అది గట్టిపడేదాకా రెండు వేళ్ళతో అదిమి పట్టుకుంది. పైన తడి ప్లాస్టర్ పట్టీలు వేసి, అవి ఆరాక, అచ్చు మొత్తం మెల్లగా ఊడదీశారు. తెల్లటి పొడి అంటిన కనుబొమ్మలతో తారాదేవి లేచి కూర్చుంది.

"లోపల భయమేసిందా ఆంటీ?"

"భయమెందుకు, గుణింతాలు చదువుకున్నా. 'క' దగ్గర మొదలెట్టి 'బ' దాకా వచ్చా. అంతలో తీసేశావ్."

ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి తీసిన ముఖాన్ని పక్కన పెట్టుకుని, కీర్తిక భువన తల దిమ్మ మీద మైనం కలిసిన మట్టితో తారాదేవిని మలచడం మొదలుపెట్టింది. లోపల భువన, బయట తారాదేవి. చేస్తున్నకొద్దీ ఆ ముఖం ఒక్కో సంగతీ చెప్పుకొచ్చింది. ముడతలన్నీ కుడి చెంప మీదే లోతుగా ఉన్నాయి. జబ్బు చేసినవైపు చర్మం నున్నగా, బరువుగా కిందికి దిగింది. నిరుటి నుంచి నవ్వే పనంతా కుడి చెంపే చేస్తోంది. కీర్తిక అది చూపిస్తే యాకూబ్ సార్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశాడు. "దీన్ని ఎవడూ ఊహించి పెట్టలేడు" అన్నాడు.

ఆ తర్వాత దెబ్బ తగిలింది.

మట్టి తల మీద గట్టి అచ్చు రెండు ముక్కలుగా పోసి, మట్టంతా తీసేసి, ఆ ఖాళీలో చర్మం రంగు కలిపిన సిలికాన్ పోసింది. మర్నాడు అచ్చు తెరిస్తే, లోపలంతా గట్టిపడింది గానీ పైపొర మాత్రం పాకం కుదరని బెల్లంలా వేళ్ళకి అంటుకుంటోంది. చెంప లాగితే చెంప సాగి తెగింది. మూతి మూల ముద్దయిపోయింది.

యాకూబ్ సార్ ఆ జిగురుని వేళ్ళ మధ్య నలిపి, "మట్టికి ఆఖరి మెరుగు పెట్టినప్పుడు ఏ గ్లోవ్స్ వేసుకున్నావు?" అని అడిగాడు.

ఎప్పుడూ వాడే నీలం గ్లోవ్స్ అయిపోతే, అలమరలో దొరికిన తెల్ల రబ్బరు గ్లోవ్స్ వేసుకుంది కీర్తిక. రబ్బరులో ఉండే గంధకం ఏ కాస్త తగిలినా ఈ రకం సిలికాన్ గట్టిపడదని క్లాసులో చెప్పారు. విన్నది, రాసుకుంది, చేతులు మాత్రం మరిచిపోయాయి. మట్టి ముఖం అచ్చు తీసినప్పుడే చెదిరిపోయింది. అచ్చులకి కూడా ఆ దోషం అంటుకుంది. మళ్ళీ మట్టి దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సిందే. సమర్పణ తేదీ చూస్తే దగ్గరికొచ్చేసింది.

"ప్లాస్టర్ ముఖం ఉంది, ఫొటోలున్నాయి. ఎక్కడ తప్పు జరిగిందో వివరంగా రిపోర్టు రాయి. నిక్షేపంగా పాసవుతావు" అన్నాడు సార్. మందలింపు లేదు, మంచి సలహాగానే చెప్పాడు.

"పాసవడానికి మొదలుపెట్టలేదు సార్. సెలవు రోజుల్లో కూడా వర్క్‌షాపు తెరిచి ఉంచగలరా?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "తాళం నీకివ్వడానికి రూల్సు ఒప్పుకోవు. నేనే వస్తాలే" అన్నాడు.

బస్సులో కూర్చుని తారాదేవికి ఫోను చేసింది. అంతవరకు పంటి బిగువున ఆపుకున్నది ఆవిడ గొంతు వినగానే ఆగలేదు. "పోయింది ఆంటీ. మీ ముఖం మొత్తం పాడు చేసేశా."

"ఏం పోయింది? నా ముఖం నా దగ్గరే ఉందిగా" అంది తారాదేవి. "'ళ' పలకడం నీకు ఎన్నాళ్ళు పట్టిందో నాకు తెలుసు. కళ్ళు తుడుచుకుని పనిచూసుకో."

రెండోసారి చేతులకి దారి తెలుసు. మొదటిసారి తడుముకున్న చోట ఈసారి తడుముకోలేదు. ముడతలు ఎటునుంచి ఎటు పారతాయో వేళ్ళే గుర్తుపెట్టుకున్నాయి. పోసే ముందు అచ్చులో ప్రతి మూలా ఒక్కో చుక్క సిలికాన్ వేసి, అది గట్టిపడుతోందో లేదో చూసుకుంది. ఒకచోట అనుమానమొస్తే ఆ అచ్చు ముక్క పక్కన పడేసి మళ్ళీ చేసింది. అందరూ సినిమాలకీ, మకాన్ అంటూ బయట తిండికీ పోతున్న ఆదివారాలు ఆమెకు ఆ పొడి వాసనలోనే గడిచాయి. యాకూబ్ సార్ ఒక మూల టీ తాగుతూ పేపరు చదువుకునేవాడు. పిలిస్తేనే వచ్చేవాడు.

ఈసారి అచ్చు తెరిస్తే చర్మం చర్మంలాగే ఊడి వచ్చింది. మూతి మూల జారినట్టే ఉంది, ఒక్క నలుసు చెడలేదు. కీర్తిక దాన్ని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత పల్చగా పొర మీద పొర రంగులు, కణతల దగ్గర నరాల నీలం, ఎండకి పడ్డ మచ్చలు. కనుబొమ్మల వెంట్రుకలు సూదితో ఒక్కొక్కటే గుచ్చింది. మెడ పట్టేస్తే నేల మీద పడుకుని, మళ్ళీ లేచి గుచ్చింది.

పూర్తయ్యాక తారాదేవిని పిలిచింది. భువన తొడుక్కుని, శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుంది. తారాదేవి ఎదురుగా ఇంకో కుర్చీ వేయించుకుంది. చాలాసేపు చూసింది. చెయ్యి చాచి ఆ జారిన మూతి మూలని వేలితో తాకింది. అనిరుధ్ తల పక్కకి తిప్పుకున్నాడు.

"అద్దంలో ఎప్పుడు చూసినా అరక్షణమే చూశా" అంది చివరికి. "ఇవాళే పూర్తిగా చూశా. అంత భయపడేదేం కాదు." వెంటనే గొంతు మారింది. "కంటి కింద పుట్టుమచ్చ చిన్నది చేశావు. సరిచెయ్యి."

కీర్తిక బ్రష్షు తీసి అక్కడే సరిచేసింది.

ముఖం ఉంటే సరిపోదు, మాట కూడా ఉండాలని తారాదేవే పట్టుబట్టింది. భువనను ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పింది. భువన పాపం నోరు వంకర తిప్పి నసగబోతే అక్కడే ఆపింది. "అలా కాదు. మాట రాక ఆగను నేను. వచ్చిన మాటని సర్దుకోవడానికి ఆగుతా. రెండూ వేరు. మళ్ళీ చెప్పు." భువన మళ్ళీ చెప్పింది. మళ్ళీ మళ్ళీ చెప్పించింది ఆవిడ.

ప్రదర్శన రోజు నర్సింగ్ మొదటి సంవత్సరం పిల్లల్ని కూర్చోబెట్టారు. ముందు ఆసుపత్రి మంచం, మంచం మీద మాస్కులో భువన, పక్కన కూతురి వేషంలో ఒక లెక్చరర్. పరీక్షించేవాళ్ళు ఒక పక్కన కూర్చున్నారు. తారాదేవి ఆఖరి వరసలో కొడుకు పక్కన, మూతి దాకా శాలువా కప్పుకుని కూర్చుంది.

మొదటగా వచ్చిన అమ్మాయి మంచం మీది ముఖాన్ని చూసి ఒక్క క్షణం తడబడింది. నిజం పేషెంటే అనుకుందని కీర్తికకి అర్థమైంది. అంతలోనే ఆ అమ్మాయి గిర్రున కూతురివైపు తిరిగి, ఆంటీ పొద్దున ఏమైనా తిన్నారా, నొప్పి ఏమైనా ఉందా అని అడగడం మొదలుపెట్టింది. మాస్కు వెనక భువన ఏదో చెప్పబోయి, నేర్పినట్టే మాట సర్దుకోవడానికి ఆగింది. ఆ అమ్మాయి ఆగలేదు.

ఆఖరి వరసలో కుర్చీ కదిలింది. తారాదేవి లేచి నిలబడింది. శాలువా భుజాల మీదికి జారింది.

"వెయిట్" అంది. ముద్దగానే, అందరికీ వినబడేలా. "షి ఈజ్... టాకింగ్."

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. మంచం మీద ఉన్న ముఖమే అక్కడ నిలబడి ఉంది. గదిలో అందరూ అటూ ఇటూ చూశారు. ఆ అమ్మాయి చెవులదాకా ఎర్రబడింది. అయినా పారిపోలేదు. కుర్చీ ఒకటి మంచం దగ్గరికి లాక్కుని, మాస్కు కళ్ళకి తన కళ్ళు సరిగ్గా ఎదురయ్యేలా కూర్చుంది. "సారీ ఆంటీ. టేక్ యువర్ టైమ్" అంది.

ఎదురుచూసింది. భువన మాట సర్దుకుంటున్నంతసేపూ ఎవరూ కదల్లేదు. చివరికి "వాటర్" అన్న మాట వచ్చింది. ఆ అమ్మాయి లేచి నీళ్ళు తెచ్చి, ఎటువైపు నుంచి తాగిస్తే సుఖంగా ఉంటుందని ఆ ముఖాన్నే అడిగింది.

తర్వాత వచ్చినవాళ్ళు ఒక్కరు కూడా ముందు కూతురివైపు తిరగలేదు.

మార్కులు కీర్తిక ఆశించినన్ని రాలేదు. ఎడమ చెవి వెనక అతుకు కనబడుతోందని కోశారు. పట్టుకుని చూస్తే నిజంగానే కనబడుతోంది. వాదించడానికేమీ లేదు. కానీ నర్సింగ్ విభాగం వాళ్ళు ఆ మాస్కుని తమ క్లాసులకి ఇవ్వమని అడిగారు. "ముఖం నాది కాదు, దాని సొంతదారుని అడగండి" అంది కీర్తిక. తారాదేవి ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది: ప్రతి కొత్త బ్యాచికీ మొదటి క్లాసులో తను కూడా ఉండాలి.

"అమ్మా, యీషున్ నుంచి అంత దూరం, నువ్వు అలిసిపోతావు" అన్నాడు అనిరుధ్.

"అలిసిపోతే వచ్చి పడుకుంటా. నువ్వు టాక్సీ సంగతి చూడు."

మాస్కు అప్పగించాల్సిన వారం, యాకూబ్ సార్ తన గదికి వెళ్తూ వర్క్‌షాపులో లైటు వెలుగుతుంటే లోపలికి తొంగిచూశాడు. కీర్తిక నీలం గ్లోవ్స్ వేసుకుని, చెవి వెనక అతుకుని సన్నటి కత్తెరతో కోసి, పక్కన కొత్తగా సిలికాన్ కలుపుతోంది.

"మార్కులు వేసేశారు కదా, ఇంకా ఏం చేస్తున్నావు?" అన్నాడు.

"తెలుసు సార్. ఇలా ఇవ్వను" అని ఆమె తల ఎత్తకుండానే కలిపిన సిలికాన్‌ని వెలుగుకి పట్టి రంగు చూసుకుంది. ఇంకొంచెం ఎరుపు కావాలి.